యోషినో కొండ పైనుంచి కిందికి: నా అనుభవం

యోషినోకి ఏ తారీఖున వెళ్తే పూలు నిండుగా ఉంటాయని ఒసాకాలో మనవాళ్ళు ఏటా మార్చి నెలలో అడుగుతూనే ఉంటారు. ఒసాకా కోట చుట్టూ ఉన్న చెట్ల సంగతైతే చెప్పొచ్చు. అక్కడన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి విచ్చుకుని, వారం పది రోజుల్లో ఒకేసారి రాల్చేస్తాయి. యోషినో లెక్క వేరు. నారా ప్రిఫెక్చర్‌లో దక్షిణాన ఉన్న ఈ కొండ మీద దాదాపు 30,000 చెర్రీ చెట్లున్నాయి. అవి అడుగు నుంచి నెత్తి దాకా నాలుగు అంచెలు. కింద షిమో సెన్‌బోన్, దాని పైన నాకా సెన్‌బోన్, ఆ పైన కామీ సెన్‌బోన్, అన్నిటికంటే ఎత్తున లోపలెక్కడో ఓకు సెన్‌బోన్. ఏప్రిల్ మొదట్లో అడుగున మొదలైన పూత మెల్లగా కొండెక్కుతూ నెలాఖరుకి ఓకు దాకా చేరుతుంది. అందుకని ఏప్రిల్‌లో ఏ రోజు వెళ్ళినా ఏదో ఒక ఎత్తులో పూత నిండుగా దొరుకుతుంది. దాని కిందంతా రాలుతూ ఉంటుంది, పైనంతా ఇంకా మొగ్గే.

ఈసారి మాతో అత్తయ్య, మావయ్య కూడా ఉన్నారు. నూజివీడు దగ్గర మామిడి తోట వాళ్ళది. కోతల వేళ తోట వదిలి రావడం మావయ్యకి సుతరామూ ఇష్టం లేదు. "పూత చూడ్డానికి ఇంత దూరం రావాలా? సంక్రాంతికి మన తోట నిండా పూతే కదా" అని విమానం ఎక్కేదాకా అంటూనే ఉన్నారట. అత్తయ్యకి పూలంటే ఇష్టమే కానీ మోకాళ్ళు సహకరించవు. ఇద్దరినీ దృష్టిలో పెట్టుకుని నేనూ మా ఆయనా ఒక నిర్ణయానికి వచ్చాం. అందరూ కింది నుంచి పైకి నడుస్తారు, మనం బస్సులో పై దాకా పోయి కిందికి నడుద్దాం అని. దీనివల్ల పూత వయసు కూడా తిరగేసి కనిపిస్తుంది. ముందు మొగ్గ, తర్వాత నిండు పూత, ఆఖర్న రాలిన రేకులు.

రోజు ఎంచుకోవడానికి ఊరి వాళ్ళు ఇచ్చే పూత సమాచారం చూసుకోవాలి. నాలుగు అంచెలకీ విడివిడిగా రాస్తారు: మొగ్గ, మూడు వంతులు, అయిదు వంతులు (పదికి అన్నమాట), నిండు పూత, రాలడం మొదలు. షిమోలో రాలడం మొదలై, నాకాలో నిండుగా, కామీలో సగం దాటి ఉన్న రోజు మాకు కావాలి. సాధారణంగా అది ఏప్రిల్ రెండో వారం చివర పడుతుంది. శని ఆదివారాలు తప్పించాం. ఏప్రిల్ 11, 12 తేదీల్లో కొండ మీద పూలు సమర్పించే ఉత్సవం జరుగుతుంది, ఊరేగింపు ఉంటుంది, చూడదగ్గదే, కానీ ఆ జనంలో అత్తయ్యని నడిపించలేం. చివరికి ఒక సోమవారం ఖాయం చేశాం. సోమవారం అనగానే అత్తయ్య, "నేను నీచు ముట్టను, ముందే చెప్తున్నా" అన్నారు. జపాన్‌లో ఆ మాటకున్న బరువు ఇక్కడ కాపురం చేసేవాళ్ళకే తెలుస్తుంది. చారులో చేప పొడి, టోఫు కూరలో చేప పొడి, ఆఖరికి ఉడకపెట్టిన ముల్లంగిలో కూడా అదే. పొద్దున్నే లేచి ఆవ పెట్టిన పులిహోర, దద్దోజనం కలిపి డబ్బాల్లో సర్దాను.

రైలు ఒసాకా అబెనోబాషి స్టేషన్ నుంచి. 300 మీటర్ల అబెనో హరుకాస్ భవనం కిందే ఉంటుందది. కింతెత్సు రైలు కంపెనీ వాళ్ళ లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ గంటా పావులో నేరుగా యోషినోలో దింపుతుంది. మామూలు టికెట్ మీద సీటు టికెట్ అదనంగా కొనాలి. నెల ముందు నుంచే అమ్ముతారు, పూల రోజుల్లో పొద్దున బళ్ళు తొందరగా నిండిపోతాయి. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఆ డబ్బు దగ్గర చూసుకోకండి. మామూలు ఎక్స్‌ప్రెస్‌లో గంటన్నర పైన పడుతుంది, నిలబడాల్సి వచ్చినా రావచ్చు.

కషిహారా జింగూ-మాయే దాటాక లైను ఒంటి పట్టాలైపోతుంది. ఇళ్ళు పలచబడి, అసుకా పొలాలు, ఆ తర్వాత కొండలు మొదలవుతాయి. యమాతో-కామిఇచీ తర్వాత బండి యోషినో నదిని దాటుతుంది. అవతలి ఒడ్డున దుంగలు, చెక్క దిమ్మెలు పేర్చిన యార్డులు కనిపిస్తాయి. యోషినో దేవదారుకి జపాన్ అంతటా పేరుంది. ఒకప్పుడు సాకే (బియ్యపు మద్యం) పీపాలకి ఈ చెక్కే కావాలనేవాళ్ళు. మావయ్య అప్పటిదాకా కునుకు తీస్తున్నవారు దుంగలు చూసి నిటారుగా కూర్చున్నారు. "అడుగు నుంచి కొస దాకా ఒకటే లావు. ఎలా పెంచార్రా?" అని మా ఆయన్ని అడిగారు. ఆయనకి సాఫ్ట్‌వేర్ తప్ప ఏదీ తెలియదు. కొండ వాలు మీది దేవదారు తోపు కనిపించగానే జవాబు మావయ్యే చెప్పుకున్నారు. "దగ్గర దగ్గరగా నాటారు. వెలుతురు కోసం పైకి పోవడమే, పక్కకి కొమ్మ వెయ్యదు." నిజంగా యోషినో పద్ధతి అదే. ఒత్తుగా నాటి, దశాబ్దాల తరబడి పలచన చేస్తూ పోతారు.

యోషినో స్టేషన్ లైనుకి చిట్టచివర. దిగగానే రెండు వరుసలు కనిపిస్తాయి, ఒకటి రోప్‌వేకి, ఒకటి బస్సుకి. రోప్‌వే 1929లో మొదలైంది. జపాన్‌లో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో ఇదే పాతది. 349 మీటర్ల దూరం, చిన్న పెట్టె, కొద్దిమందే పడతారు. ముచ్చటగా ఉంటుంది కానీ అది కొండ మొదటి మెట్టు మీదే దింపుతుంది. పైదాకా పోవాలంటే బస్సే. పూల కాలంలో స్టేషన్ నుంచి నాకా సెన్‌బోన్ దాకా ఒక బస్సు, అక్కడ చికురిన్-ఇన్ దగ్గర మారి ఓకు సెన్‌బోన్ దాకా ఇంకో చిన్న బస్సు. రెండు చోట్లా వరుసలో నిలబడాలి. మేం పొద్దున తొమ్మిదిలోపు దిగాం కాబట్టి ఓపిక పట్టగలిగే వరుసే దొరికింది. పదకొండు దాటాక అదే వరుస రోడ్డు మలుపు దాకా సాగడం కిందికి వస్తూ చూశాం. చిల్లర యెన్‌లు దగ్గర పెట్టుకోండి. కొండ మీది చిన్న కొట్లలో చాలావాటికి నోట్లూ నాణేలే.

రెండో బస్సు దిగేసరికి చలి. కింద స్వెట్టరు విప్పి చేతికి వేసుకున్న అత్తయ్య మళ్ళీ తొడుక్కుని, పైన శాలువా కప్పుకున్నారు. కొండ అసలు శిఖరం అవోనెగమినే 858 మీటర్లు. ఓకు సెన్‌బోన్ దానికి కాస్త దిగువన. ఇక్కడ పూలు లేవు. చుట్టూ దేవదారు నీడ, మధ్యలో ఖాళీ చేసిన వాలు మీద చెర్రీ చెట్లు, వాటి కొమ్మల నిండా గోధుమరంగు మొగ్గలు. "ఇదా పూల కొండ?" అన్నట్టు అత్తయ్య నా వంక చూశారు. బస్సాగిన చోటు నుంచి కిన్‌పు గుడికి నిట్రమైన ఎక్కుడు. పొడుగు లేదు కానీ ఊపిరి అందదు. అత్తయ్యని మా ఆయన పట్టుకుని నెమ్మదిగా ఎక్కించి, గుడి ముందు బల్ల మీద కూర్చోబెట్టి తనూ ఉండిపోయారు. నేనూ మావయ్యా సైగ్యో గుడిసె దాకా వెళ్ళాం.

సైగ్యో 12వ శతాబ్దపు కవి. 23వ ఏట సైనికుడి కొలువు వదిలేసి సన్యాసం పుచ్చుకున్నాడు. ఈ కొండ మీద మూడేళ్ళ పాటు ఒంటరిగా ఉన్నాడని చెప్తారు. ఆ చోట ఇప్పుడు తిరిగి కట్టిన చిన్న గుడిసె ఉంది. లోపల కూర్చున్న ఆయన బొమ్మ. దారి సన్నం, ఒక పక్క లోయ, పట్టుకోడానికి గొలుసు కట్టిన చోట్లు కూడా ఉన్నాయి. వాన పడిన మర్నాడైతే వెళ్ళకపోవడమే మంచిది. పక్కనే బండ సందులోంచి నాచు మీదుగా ధార పడుతుంది. మావయ్య దోసిలి పట్టి మొహం కడుక్కున్నారు. "ఇక్కడ మూడేళ్ళా! ఏం తినేవాడో," అని ఒక్కటే అన్నారు. కవిత్వం గురించి నేను చెప్పబోయిన మాటలు మింగేశాను.

కిన్‌పు గుడి వెనక నుంచి పోయే బాట ఓమినే కొండల మీదుగా కుమానో దాకా సాగే యమబుషిల (కొండల్లో తపస్సు చేసే సాధకుల) తపోమార్గం. 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన దారుల్లో ఇదొకటి. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల నుంచే ఆడవాళ్ళకి హద్దు. తర్వాత హద్దు లోపలికి జరిగింది కానీ, 1,719 మీటర్ల సంజోగతాకే కొండ మీదికి ఇప్పటికీ ఆడవాళ్ళని రానివ్వరు. కిందికి దిగుతూ అత్తయ్యకి ఈ సంగతి చెప్పాను. "మనకేం కొత్త కాదులే," అని చెప్పులు సర్దుకున్నారు.

అక్కడి నుంచి దిగుడే దిగుడు. తారు రోడ్డే కానీ వాలు ఎక్కువ, ముందు పాదం వేళ్ళ మీద బరువు పడుతుంది. గట్టి అడుగున్న బూట్లు వేసుకోమని పదే పదే చెప్పడం దీనికే. దార్లో మికుమారి గుడి వస్తుంది. నీళ్ళు పంచే దేవత గుడి ఇది. తర్వాతి కాలంలో పిల్లల్ని కాచే తల్లిగా కూడా కొలుస్తున్నారు. ఇప్పుడున్న కట్టడం 17వ శతాబ్దం మొదట్లో టొయొటొమి హిదెయోరి అనే ప్రభువు కట్టించింది. అత్తయ్య ఇక్కడ కాసేపు దండం పెట్టుకున్నారు. ఎందుకో నాకు తెలుసు, అడగలేదు.

గుడి దాటిన మలుపు తర్వాత రంగు మారిపోయింది. కామీ సెన్‌బోన్ మొదలైంది. ముందు అక్కడొకటి ఇక్కడొకటి తెల్లగా, ఆ తర్వాత వాలంతా. నేను ఈ చోటు ముందే చూసిందాన్ని కాబట్టి పూల వంక కాకుండా మావయ్య వంక చూశాను. ఆయన పూలు చూడటం లేదు, చెట్లు చూస్తున్నారు. ఒక చెట్టు దగ్గర ఆగారు, పక్క చెట్టు దగ్గరికి వెళ్ళారు, మళ్ళీ వెనక్కొచ్చారు. "అమ్మాయ్, ఇవి అంటు మొక్కలు కావు," అన్నారు.

ఎలా తెలిసిందని అడిగితే చెట్టు చెట్టుకీ చూపించారు. ఒకదాని పూలు పాల తెలుపు, పక్కదానివి లేత గులాబి. ఒకటి పూర్తిగా విచ్చుకుంది, దానికి రెండు బారల దూరంలో ఉన్నది ఇంకా సగం మొగ్గ. ఒకదాని చిగురు రాగి రంగు, ఇంకోదానిది పచ్చ. "అంటు కట్టిన బంగినపల్లి తోటంతా ఒకే చెట్టు కింద లెక్క. పూత ఒకసారి, కాపు ఒకసారి. టెంక పెట్టి మొలిపిస్తే దేని తీరు దానిదే. ఇవి గింజ నుంచి మొలిచినవి." ఆయన జపాన్ గురించి ఏమీ చదవకుండా చెప్పిన ఆ మాట అక్షరాలా నిజం. ఊళ్ళలో, పార్కుల్లో, నదుల వెంట మనం చూసే సకురాలో, అంటే చెర్రీ చెట్లలో, ఎక్కువ భాగం సొమేయ్ యోషినో రకం. ఎదో యుగంలో (1603–1868), ఇప్పటి టోక్యోలో, సొమేయ్ అనే ఊరి తోటమాలులు పెంచి అమ్మిన రకమది. ఈ కొండ పేరు చెబితే గిరాకీ ఉంటుందని యోషినో చెర్రీ అని అమ్మారు. ఈ కొండ చెట్లతో కలగాపులగం కాకూడదని 1900లో దానికి వేరే పేరు పెట్టారు. అన్నీ అంటు కట్టినవే, అన్నీ ఒకే చెట్టు నకళ్ళే, అందుకే అన్నీ ఒకేసారి పూస్తాయి, అదీ ఆకు రాకముందే. యోషినో కొండ మీద మాత్రం ఎక్కువగా ఉన్నది యమజకురా, అడవి చెర్రీ. పువ్వుతో పాటే ఎర్రటి చిగురు కూడా వస్తుంది. దూరం నుంచి కొండ తెలుపు, గులాబి, రాగి రంగులు కలిసి మసగ్గా కనిపించడం అందువల్లే. ఒసాకా కోట పూలు చూసి వచ్చిన కొందరికి ఇది పలచగా అనిపిస్తుంది, ఫొటోలో చూసినంత గులాబి లేదంటారు. నాకైతే ఆ ఎర్ర చిగురు లేకపోతే ఈ కొండ అందం సగమే.

మావయ్య ఒక కొమ్మ వంచి చిగురు వాసన చూడబోయారు. మా ఆయన పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఈ కొండ మీద చెర్రీ పవిత్ర వృక్షం. 7వ శతాబ్దంలో ఎన్ నో గ్యోజా అనే తపస్వికి ఇక్కడి కొండల్లో జావో గొంగెన్ అనే ఉగ్రదేవత ప్రత్యక్షమైతే, ఆ రూపాన్ని చెర్రీ చెక్క మీద చెక్కాడని స్థలపురాణం. అప్పటి నుంచి చెర్రీ దేవుడి చెట్టయింది. మొక్కుకున్నవాళ్ళు డబ్బు, ధాన్యం బదులు మొక్క తెచ్చి నాటేవారు. 1579లో ఒసాకా వర్తకుడు సుఎయోషి కాన్‌బెయి 10,000 మొక్కలు సమర్పించాడు. కొమ్మ విరిస్తే వేలు, చెట్టు నరికితే తల అని పాత మాట ఒకటి ఉంది. ఇదంతా మా ఆయన తండ్రికి చెప్తుంటే ఆయన కొమ్మ వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకుని నడవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కిందికి చేరేదాకా ఆ చేతులు ముందుకి రాలేదు.

హనయగురా అనే చోట రోడ్డు బయటికి పొడుచుకొస్తుంది. యోషినో ఫొటోల్లో ఎక్కువ భాగం ఇక్కడ తీసినవే. కింద కామీ, నాకా అంచెల పూలు, వాటి మధ్యలోంచి కొండ వీపు మీద సన్నగా సాగిన ఊరు, ఊరి చివర జావోదో గుడి పెద్ద కప్పు. జనం ఒకళ్ళ వెనక ఒకళ్ళు నిలబడి వంతులవారీగా ఫొటో తీసుకుని తప్పుకుంటున్నారు. ఎవరూ చెప్పే పని లేదు. అత్తయ్య వంతు రాగానే కొంగు సర్దుకుని నిలబడితే, వెనకున్న ఒక జపనీస్ పెద్దావిడ చీర అంచు చూసి ఏదో అంది. మంగళగిరి జరీ అంచు. "అందంగా ఉందంటోంది," అని చెప్పాను. అత్తయ్య తెలుగులోనే "మీ కొండ కూడా బావుందమ్మా" అన్నారు. ఇద్దరూ తల వంచి దండాలు పెట్టుకున్నారు.

పులిహోర డబ్బాలు కామీ సెన్‌బోన్ దిగువన ఒక అరుగు మీద విప్పాం. చెత్తబుట్టలు దాదాపు ఉండవు. తిన్న కాగితం ముక్క కూడా సంచీలో వేసుకుని ఇంటికి మోసుకెళ్ళాలి. తింటూ 1594 సంగతి చెప్పుకున్నాం. జపాన్‌ని ఒక తాటి కిందికి తెచ్చిన టొయొటొమి హిదెయోషి ఆ వసంతంలో 5,000 మందితో పూల విందుకి ఇక్కడికొచ్చాడు. టోకుగావా ఇఎయాసు, దాతె మసమునె లాంటి పెద్ద పెద్ద సామంతులంతా ఆ గుంపులో ఉన్నారు. మూడు రోజులు వాన. వాన ఆగకపోతే కొండకి నిప్పు పెట్టిస్తానని బెదిరించాడని, పూజారులు హడలిపోయి పూజలు చేస్తే మర్నాడు తెరిపిచ్చిందని చెప్పుకుంటారు. "వానలో పూత నిలిచిందా?" అన్నది మావయ్య సందేహం. నిలిచే ఉంటుంది, విందు జరిగింది కదా.

అప్పుడే అత్తయ్య పొద్దుట్నుంచీ దాచుకున్న ప్రశ్న అడిగారు. "ఇంత పూత పూసిందిగా, పళ్ళేం చేస్తారు?" చిన్న చిన్న కాయలు కాస్తాయని, మాగితే నల్లబడతాయని, చేదుగా ఉంటాయని, పిట్టలు తినడానికే తప్ప మనం కొనుక్కునే చెర్రీ వేరే జాతని చెప్పాను. అత్తయ్యకి నమ్మకం కలగలేదు. ఇంత నేల, ఇన్ని చెట్లు, ఇంత మందిని పెట్టి కాపలా, తినే కాయ లేదా! మావయ్య ఏమీ అనలేదు. రైతుకి అది ఇంకా పెద్ద ప్రశ్న.

నాకా సెన్‌బోన్‌కి వచ్చేసరికి పూత పండిపోయింది. గాలి వీచినప్పుడల్లా రేకులు రోడ్డుకి అడ్డంగా కొట్టుకొస్తున్నాయి. ఈ అంచెలో కొన్ని చెట్లు బాగా ముసలివి, మొదలు చుట్టూ నాచు, కొమ్మలకి ఊతకర్రలు. ఎండిపోయినవీ ఉన్నాయి. పక్కనే వెదురు కర్రకి కట్టిన కొత్త మొక్కలు. మావయ్య ఎక్కువసేపు నిలబడింది ఈ కొత్త మొక్కల దగ్గరే. కట్టు బిగువుగా ఉందా, వదులుగా ఉందా అని చేతులు వెనక్కి కట్టుకునే వంగి చూశారు. లోయ అవతల న్యొఇరిన్-జీ గుడి కనిపిస్తుంది. 1336లో క్యోటో నుంచి తప్పించుకొచ్చి ఈ కొండ మీద రెండో ఆస్థానం పెట్టిన గో-దైగో చక్రవర్తి సమాధి అక్కడుంది. 1339లో ఇక్కడే చనిపోయాడు. సమాధి ఉత్తరానికి, క్యోటో వైపు తిరిగి ఉంటుంది. మేం అటు దిగలేదు, అత్తయ్య మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. యోషిమిజు గుడి ఆవరణలోంచి మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి, దిగి వచ్చిన కొండంతా చూశాం. ఇందాకటి హిదెయోషి బస చేసింది ఇక్కడే.

ఇక ఊరి వీధి. రెండు పక్కలా కొట్లు, వాటి వెనక లోయ. పెర్సిమన్ ఆకులో చుట్టిన సుషీ ప్రతి కొట్లోనూ ఉంటుంది. లోపల ఉప్పు పట్టించిన మాకెరెల్ చేప, కాబట్టి సోమవారం అది చూడ్డానికే. అత్తయ్యకి పనికొచ్చింది కుజు. కుజు అనే తీగ వేరు నుంచి తీసిన గంజిపిండి, యోషినోది పేరున్న సరుకు. ఒక కొట్లో కళ్ళ ముందే చేసి పెడుతున్నారు. పిండి నీళ్ళలో కలిపి, అడుగు పలచని పళ్ళెంలో ఒక గరిటెడు పోసి, మరిగే నీళ్ళ మీద తేలేశాడు. చూస్తుండగానే పాల రంగు పొర గట్టిపడింది. వెంటనే పళ్ళేన్ని నీళ్ళలో ముంచాడు. తెల్లపొర కాస్తా అద్దంలా అయిపోయి, పళ్ళెం అడుగు కనిపించింది. తీసి చన్నీళ్ళలో వేసి, పట్టీలుగా కోసి, నల్లబెల్లం పాకంతో ఇచ్చాడు. వెంటనే తినాలి, కాసేపాగితే మళ్ళీ తెల్లబడి బిరుసెక్కుతుంది. అత్తయ్య చేతివేళ్ళ మధ్య పట్టుకుని "పాలగుండా?" అన్నారు. కాదన్నా ఒప్పుకోలేదు. రెండో పళ్ళెం కూడా తెప్పించుకున్నారు.

కిన్‌పుసెన్‌జీ గుడిలోని జావోదో మందిరం గురించి తీరిగ్గా చెప్పాలి. 34 మీటర్ల ఎత్తు, దేవదారు జాతి బెరడుతో నేసిన కప్పు, 1590ల్లో తిరిగి కట్టిన కట్టడం. లోపల 68 స్తంభాలు. చెట్టు ఎలా ఉందో దాదాపు అలాగే నిలబెట్టారు, వంకర వంకరగానే, చిత్రిక పట్టలేదు. అందులో ఒకటి అజేలియా పొద మానుదని రాసి ఉంటుంది. పొద అంత లావెక్కుతుందా అని మావయ్యా మా ఆయనా అక్కడే వాదం పెట్టుకున్నారు. మూల విగ్రహాలు మామూలు రోజుల్లో తెర వెనకే ఉంటాయి. వసంతంలో కొన్నాళ్ళు ప్రత్యేక దర్శనం ఇస్తారు, టికెట్ ఉంటుంది. జోళ్ళు పెట్టుకోవడానికి ఒక గుడ్డ సంచీ ఇచ్చారు, అది మనమే ఉంచుకోవచ్చు. ఫొటోలు తీయకూడదు.

మూడు విగ్రహాలు, మధ్యది 7 మీటర్లు దాటుతుంది. ఒళ్ళంతా నీలం. ఎర్రటి జుట్టు నిక్కబొడుచుకుని, కోరలు బయటపెట్టి, కుడికాలు గాల్లోకి ఎత్తి ఉంటాయి. శాక్యముని, సహస్రభుజ అవలోకితేశ్వరుడు, మైత్రేయుడు, ముగ్గురూ ఈ ఉగ్రరూపంలో వచ్చారని, వరుసగా భూత వర్తమాన భవిష్యత్తులకి ప్రతీకలని చెప్తారు. విగ్రహాల ముందు కాగితపు తడికెలతో చిన్న చిన్న గదులు చేశారు. ఒక్కొక్కరూ లోపల మోకాళ్ళ మీద కూర్చుంటే అటూ ఇటూ ఎవరూ కనపడరు. తలెత్తితే నీలం మొహం ఒక్కటే. అత్తయ్య కూర్చోలేరని మొదట వద్దన్నాను. ఆవిడ వినలేదు, గోడ పట్టుకుని కాళ్ళు పక్కకి చాపుకుని కూర్చున్నారు. లోపల డోలు, శంఖం మోగుతున్నాయి, ఎక్కడో నిప్పు వాసన. అరగంటైనా బయటికి రాలేదు. మేం ముగ్గురం మెట్ల దగ్గర ఎదురుచూస్తూ కూర్చున్నాం. వచ్చాక, "నరసింహస్వామి కళ్ళు," అని అంతే అన్నారు.

అక్కడి నుంచి కంచు తోరణం, నల్ల ద్వారం దాటుకుంటూ షిమో సెన్‌బోన్‌కి దిగాం. రోప్‌వే వరుస మళ్ళీ పొడుగ్గా ఉంది. ఏడు వంకలు తిరిగే నానమగారి దారిన నడిస్తే స్టేషన్ దాకా అంతా దిగుడే. ఇక్కడ పూలయిపోయాయి. కొమ్మల మీద ఆకులు, కాడలకి ఎర్రటి తొడిమలు మిగిలాయి. సాయంత్రం నాలుగుకి తిరుగు లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ నిండిపోయాయి. అయినా కంగారు పడక్కర్లేదు. యోషినో మొదటి స్టేషన్ కాబట్టి ఒక బండి వదిలేసి తర్వాతి మామూలు ఎక్స్‌ప్రెస్‌కి ముందు నిలబడితే కూర్చుని రావచ్చు. మేం అలాగే వచ్చాం.

స్టేషన్ బల్ల మీద కూర్చుని బండి కోసం చూస్తుంటే, తోట గుత్తకి తీసుకున్నతను నూజివీడు నుంచి వాట్సాప్ వీడియో కాల్ చేశాడు. మొదటి కోత మార్కెట్‌కి వెళ్ళిందట, రేటు చెప్పడానికి చేశాడు. మావయ్య రేటు విని, ఫోను కొండ వైపు తిప్పి చూపించారు. "ముప్ఫై వేల చెట్లు! అంతా టెంక మొక్కలే. కింద రాలిపోయింది, మధ్యలో నిండుగా ఉంది, పైన ఇంకా మొగ్గే."

"కాపెలా ఉంటదండీ?"

"కాపు లేదు. పూతే."

అటువైపు కాసేపు మాట లేదు. "మరి గుత్త ఎవరిస్తున్నారండీ?" అన్నాడతను.